పుట్టింటికి దిగిన సర్వే రాళ్ళు

"గట్టు మీద ఎండ కాసె గట్టుతల్లీ, గొడుగు పట్టే వాళ్ళు ఏరే..." తర్వాత నెమలి వస్తది, ఆ చరణం మర్చిపోయా నేను. ఈ పాట పాడుకుంటానే ఎక్కిందంట వెదుళ్ళగూడెం బుల్లెమ్మ, కొండ మీద తునికాకు కోసుకుందామని. ఎక్కేసరికి ఏముందీ, కొండ కొసన సున్నం కొట్టిన రాళ్ళు, నడుమ వెదురుగడ, దానికో ఎర్రగుడ్డ. ఎవరో అమ్మవారిని నిలబెట్టారనుకుంది. మరి నీడా లేదు, నీళ్ళూ లేవు! "కన్నకూతురైతే ఇట్టా ఎండలో వదిలేస్తారా?" అని బాధపడిందంట.

అసలు సంగతేమంటే, ఆ రాళ్ళు పేర్చింది సర్వే నరసింహంగారు. గోదారి ఆ కొండల్లో మెలికలు తిరిగిపోద్ది కదా, ఆ మెలికలూ లోయలూ కాయితం మీద గీయమని పంపారాయన్ని. ఈ కొసన జెండా పాతి, అవతలి గట్టుకి పోయి, దుర్భిణిలో దాన్ని చూసి లెక్క కట్టాలి. వానల్లోపు గీతకి గీత కలవకపోతే ఉద్యోగం ఊడినట్టే. ఆయన అవతలికి దాటాడో లేదో, ఇవతల మామిడికొత్త పండగొచ్చింది. అమ్మవారికి పెట్టకుండా కొత్త మామిడికాయ నోట పెట్టరు ఆ గూడెమోళ్ళు. ముసలోళ్ళేమో కొండెక్కలేరు. ఏం చేశారనుకున్నావు? బుల్లెమ్మ ముందు నడిచి, డప్పులు కొట్టించుకుంటా, పిల్లని పుట్టింటికి తెచ్చుకున్నట్టు రాళ్ళన్నీ జెండాతో సహా దింపించి గూడెం ముందు ఏటి ఒడ్డున పెట్టించేసింది.

అవతల నరసింహంగారు దుర్భిణిలో కన్ను పెట్టాడు. జెండా ఏటి ఒడ్డున ఉంది. కళ్ళు తుడుచుకున్నాడు, అద్దం తుడుచుకున్నాడు. జెండా ఉన్నచోటే కొస గదా అని అలాగే రాసుకున్నాడంట. ఏమైందంటే, కాయితం మీద కొండ నేలమట్టమైపోయింది, గోదారి దాని నెత్తినెక్కి పారతంది. అప్పుడు పడవేసుకొచ్చాడు.

"ఎత్తండి, పైన పెట్టండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. పోనీ వేరే జెండా పాతుకుంటానన్నాడు. "మా పిల్ల మీదకి సవతినా!" అని ఆడాళ్ళంతా లేచారు. బుల్లెమ్మ మాత్రం నెమ్మదిగా, "పుట్టింటికొచ్చిన పిల్లని అత్తోరొచ్చి అడక్కుండా ఎట్టా పంపుతాం బాబూ?" అంది. అత్తోరెవరన్నాడు. "తీసుకెళ్తానన్నోళ్ళే." ఏం చేస్తాడు పాపం, టోపీ తీసి, చాప మీద కూచుని, "మా పిల్లని పంపించు అత్తా" అని అడిగాడు. "ఎండలో నిలబెట్టావు, నీడేస్తావా?" వేస్తానన్నాడు. పసుపూ చీరముక్కా పెట్టి, డప్పులతోనే ఎక్కించారు. ఆయనా రాళ్ళు మోశాడు. కొండ కొసన బండ మీద తను మొదట చెక్కిన గుర్తు మీదే పేర్చి, జెండా పైకి కనపడేట్టు ఆకుల పందిరేశాడు. అవతలికి పోయి మళ్ళీ చూస్తే గీతలు కలిశాయి, ఉద్యోగం నిలబడింది.

పని ముగించుకుని ఊరొదిలి పడవెక్కుతా వెనక్కి తిరిగి బుల్లెమ్మతో అన్నాడంట: "అత్తా, పిల్లని మళ్ళీ తెచ్చుకుంటే తెచ్చుకో గానీ, ముందు నాకు కబురెట్టు. లేపోతే కాయితం మీద ఏరు కొండెక్కేస్తోంది."