తీరం లేని ఊరు, తీర కూటమి

సభాధ్యక్షురాలు, మన కాలేజీ ప్రెసిడెంట్ డాక్టర్ మారియెట్టా హోల్డన్ గారికి, ట్రస్టీలకు, నది దాటి వచ్చిన నా పాత శత్రువు, సెయింట్ ఆల్డ్రిక్ కాలేజీ కోచ్ రోలీ బెక్టోల్డ్‌కి, ఇన్నేళ్ళూ నా చేత తిట్లు తిన్న ఆటగాళ్ళకి నమస్కారం.

టిల్డెన్ బ్లఫ్ కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌గా నాకిది ఆఖరి సాయంత్రం. ఇందాక ప్రెసిడెంట్ గారు నన్ను దూరదృష్టి గల మనిషి అన్నారు. కాదండీ, నా చూపు నది అవతలి ఒడ్డు దాకానే ఆనుతుంది. దూరదృష్టి వారిది. (నవ్వులు)

దేశం నడిబొడ్డున ఉన్న ఈ నెబ్రాస్కాలోనూ నది అవతలా ఉన్న చిన్న కాలేజీలన్నీ ఒక కూటమిగా ఉండి, తాతల నాటి నుంచి తమలో తాము ఆడుకుంటూ, ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళను తిట్టుకుంటూ, పొద్దుపోకముందే ఇళ్ళు చేరుతూ సుఖంగా ఉన్న కాలంలో, ప్రెసిడెంట్ గారు నన్ను పిలిచి, మనం ‘జాతీయ తీర కూటమి’లో చేరుతున్నామన్నారు.

“మేడమ్, మనకి తీరమెక్కడిదండీ? ఎటు పోయినా సముద్రం చూడాలంటే రెండ్రోజులు బస్సులో కూర్చోవాలి.”

“తీరమంటే నీళ్ళు కాదు కోచ్ గారూ, అదొక స్థాయి.”

ఆ స్థాయి కోసం చొక్కాల మీద ఎద్దు బొమ్మ తీసేసి అల బొమ్మ వేశారు. పిల్లలు బస్సులోనే చదివారు, బస్సులోనే నిద్రపోయారు, మెలకువ వచ్చినప్పుడల్లా “ఇది ఏ రాష్ట్రం?” అని అడిగారు. అంత దూరాన మన తరఫున కేకలు వేసింది ఇద్దరే, మన జట్టు నాయకుడు కోల్టర్ వాంచురా అమ్మా నాన్నా.

పాత కూటమిలో నెగ్గిన జట్టుకు, దేశ విజేతను తేల్చే ప్లేఆఫ్‌లో నేరుగా చోటుంటుంది. కొత్త కూటమికి ఆ హక్కు లేదు. ఎంపిక సంఘం దయ తలచాలి. పోయిన ఏడాది కోల్టర్ జట్టు ఒక్క ఆట తప్ప అన్నీ గెలిచింది. ప్లేఆఫ్ పేర్లు చదివే రోజున అందరం భోజనశాలలో వేడి వేడి చిల్లీ మాంసం కూర, దాల్చినచెక్క రొట్టెలు ముందు పెట్టుకుని టీవీ చూశాం. మూడు ఆటలు ఓడిన రోలీ జట్టు పేరు వినిపించింది. మన పేరు రాలేదు. మనం ఓడించిన జట్లన్నీ బలహీనమైనవట. ఎందుకు బలహీనమయ్యాయయ్యా అంటే, మన చేతిలో ఓడాయి కాబట్టి! (నవ్వులు)

ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఆఖరి సంవత్సరం పిల్లలు తలలు వంచుకున్నారు. కోల్టర్ నా దగ్గరికొచ్చి, “తినండి కోచ్, చల్లారిపోతోంది” అన్నాడు. ఓదార్చాల్సినవాణ్ణి నేను.

రోలీ వాళ్ళు తమ ఊళ్ళో ప్లేఆఫ్ ఆట ఆడాల్సిన శనివారం పెద్ద మంచు పడింది. రోలీ మైదానంలో గీతలు కనపడటం లేదని తెలిసి, కోల్టర్ పారలు పోగేసి తోటివాళ్ళను లేపాడు.

“వాళ్ళ మంచు మనమెందుకు ఎత్తాలిరా?” అని ఒకడు గొణిగాడు.

“మన చుట్టుపక్కల ఇంకా ఆడుతున్నది వాళ్ళొక్కళ్ళే కదరా” అన్నాడు కోల్టర్.

మనవాళ్ళనూ వాళ్ళ వెంట వెళ్ళిన నన్నూ చూసి రోలీ నడుం మీద చేతులు పెట్టుకుని, “ఒరే వెర్లిన్, మా గీతలు కావాలని చెరిపేస్తున్నార్రా ఏంటి?” అని నా మీద అరిచాడు. ఆ తర్వాత చాలాసేపు ముక్కు తుడుచుకున్నాడు. చలికి అన్నాడు. (రోలీ వైపు చూసి) చలికే, నమ్ముతున్నాం.

ఆ ఆటలో వాళ్ళు ఓడారు. అయినా వసంతంలో పాత కూటమి సమావేశంలో, మనల్ని వెనక్కి రానివ్వమని పట్టుబట్టి, ఓటు పెట్టించి నెగ్గించినవాడు రోలీయే. “బుద్ధి తక్కువ పెద్దలదిరా, పారలు పట్టింది పిల్లలు” అన్నాడట. క్షమించాలి మేడమ్, ఆ మాట వాడిది. మీరు దీన్ని ‘ప్రాంతీయ పునర్‌వ్యూహం’ అని ప్రకటించారు. మా పొలాల్లో దీన్ని ఇంటికి రావడం అంటారు.

వచ్చే ఏటి పిల్లలకు దారి మళ్ళీ తెరుచుకుంది. సంతోషం. కానీ కోల్టర్ చదువు అయిపోయింది. వాడికి రావలసిన ఆ ప్లేఆఫ్ ఆటను ఏ ఓటూ వెనక్కి తేలేదు. అది నా గుండెలో ముల్లులాగే ఉండిపోతుంది.

(సభ చివరికి చూసి) వెనక వరసలో ఉన్నావు కదూ? లే కోల్టర్. ఎంపిక సంఘం నిన్ను చూడలేదు. వీళ్ళన్నా చూడనీ. (చప్పట్లు)

రోలీ, నువ్వెందుకు లేచావురా? మీరంతా కూడానా? కూర్చోండి, నేనింకా కృతజ్ఞతలు చెప్పాలి. మేడమ్, మీరూనా?

సరే, అందరూ నిలబడే ఉండండి. మీ అందరికీ నా కృతజ్ఞతలు చెప్పేసినట్టే అనుకోండి. ఇక నాకు సెలవు.