గీకిన కార్డు

నిఘంటువు కార్యాలయం వాళ్లకూ, ప్రెస్సు వాళ్లకూ, పశువైద్యుడు గారికీ నమస్కారం. పనులు మానుకుని వచ్చారు. పోయినవాడు నా తమ్ముడు. ఇరవై ఆరేళ్లు మీ పక్కన కూర్చుని ఒక్కో మాటకూ ఒక్కో కార్డు రాశాడు. మంచివాడని పొగడను, వాడికి పొగడ్త మీద అనుమానం.

అనుమానం మా ఇంటి జబ్బు లెండి.

టారిన్ అనే మాట గుర్తుందా మీకు? జీవరసాయనం చదివే నా మనవరాలు ఓ రోజు ఎనర్జీ డ్రింక్ డబ్బా పక్కకు నెట్టి, "చిన్న తాతయ్యా, ఇందులో టారిన్ ఎద్దు నుంచి తీస్తారట" అంది. "అట అంటే ఎవరే? నువ్వు చూశావా?" అన్నాడు. నలభై రోజులు తిరిగి తేల్చాడు. రెండు వందల ఏళ్ల కిందట ఆ పదార్థాన్ని మొదట ఎద్దు పిత్తరసంలో కనుక్కున్నారు. అందుకే లాటిన్‌లో ఎద్దును పిలిచే మాట మీద ఆ పేరు పెట్టారు. డబ్బాలోది మాత్రం ఫ్యాక్టరీ సరుకు. డబ్బా తెరిచి మనవరాలికిచ్చాడు. తను తాగలేదు!

ఇంగ్లీషులో ఆ మాటకే ఇంకో అర్థం ఉంది: ఎద్దుకు సంబంధించిన, మూపురం లేని పశుజాతికి చెందిన అని. దానికోసం పశువుల కొట్టంలో పొద్దున్నంతా నిలబడ్డాడు. "లేని మూపురాన్ని ఏం చూస్తారండీ?" అని పశువైద్యుడు గారు విసుక్కున్నారు. "లేదని మీరన్నారు. నేను చూడలేదు కదండీ" అన్నాడు. అవునా, డాక్టరు గారూ?

ఇప్పుడు వినండి. వాడు పోయిన మూడో రోజు మీ కార్యాలయంలో వాడి గదికి వచ్చి బల్ల సర్దాను. టారిన్ కార్డు మీద "ఎద్దంత బలాన్నిస్తుంది కనుక ఆ పేరు" అని ఉంది. దస్తూరీ అచ్చం వాడిదిలాగే ఉంది. కానీ అక్షరాల కింద కాగితాన్ని బ్లేడుతో గీకారు. నా తమ్ముడు ఏనాడైనా గీకాడా? తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన తేదీ వేసేవాడు. "నేనెక్కడ పొరబడ్డానో నా తరవాతివాడికి తెలియాలక్కా" అనేవాడు.

కార్డుకు పిన్ను చేసిన ఆధారం నకలు కూడా లేదు. ఆధారం చూపకుండా కార్డు మార్చకూడదని మీ నియమం. సోమవారం ఆ పేజీ అచ్చుకు వెళ్తుంది, వాడి పేరుతో! ఆ గది తాళం నలుగురి దగ్గర ఉంది. నలుగురూ ఇక్కడే ఉన్నారు. బలమంటే చదివేవాళ్లకు బాగుంటుందనుకున్నారా? పోయినవాడు అడగడనుకున్నారా? వాడి అక్క ఉంది.

పేరు అడగను. అందరూ లేచి నిలబడండి. రెండు నిమిషాలు కళ్లు మూసుకుని, మాట్లాడకుండా వాణ్ని తలుచుకుందాం. ఆ నకలు పట్టుకెళ్లినవాళ్లు ఈలోగా తెచ్చి ఈ బల్ల మీద పెట్టెయ్యండి. పదిమందిలో నేను ఎన్నడూ కళ్లు మూసుకుని ఎరగను. ఇవాళ మూసుకుంటున్నాను.