పట్టు, గుద్దు, వదిలెయ్

మైదానం గ్యాలరీ కింద కోచ్ గది. దేశపు ఫుట్‌బాల్ జట్టు టోర్నమెంటులో ఓడిపోయి నాలుగు రోజులైంది. పదకొండింటికి బోర్డు గుమాస్తా వచ్చి ఓటమి మీద కోచ్ రాసిన కాగితం పట్టుకెళ్తాడు, ఇప్పుడు పదిన్నర. గదిలో ఉన్నది కోచ్, ఆయన భార్య తమ్ముడైన గోల్‌కీపర్. కుర్చీలు రెండున్నా పాపం ఇద్దరికీ కూర్చోబుద్ధి కావడం లేదు.

"ఆ ఒక్క మాట మార్చండి సార్. మిగతాదంతా మీ ఇష్టం."

"ఏ మాట?"

"మూడో లైన్లో. 'బంతిని వదిలేశాడు' అని ఉంది. 'జారవిడిచాడు' అని రాయండి. చేతకానివాడని రాయండి, కళ్ళు కనపడని గుడ్డివాడని రాయండి, కళ్ళు మూసుకుని సంతకం పెడతాను. వదిలేశాడని మాత్రం వద్దు."

"రెండూ ఒకటే కదరా."

"ఒకటెలా అవుతాయి సార్? జారితే చేతకానివాణ్ణి. వదిలేస్తే దొంగని."

"దొంగవని ఎవడన్నాడు?"

"ఎవడనలేదో అడగండి. మొన్న పొద్దున్న లేచి చూస్తే మా గేటుకి 'ఎంతకి వదిలేశావు' అన్న చీటీలతో జల్లెడలు కట్టి ఉన్నాయి. ఏడు. అమ్మ విప్పి లోపల పెట్టింది. పోనీలేరా, పిండి జల్లించుకోవచ్చు అంది. నన్ను నవ్విద్దామని అంది. తర్వాత వంటింట్లోకెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది."

"నా ఇంటి మీద రాళ్ళే వేశారు. కిటికీ అద్దం పగిలింది. మీ అక్క చెప్పలేదా?"

"అక్క మీతో మాట్లాడుతోందా?"

"ఆ సంగతి వదిలెయ్."

"మాట్లాడట్లేదన్నమాట."

"ఇక్కడ అక్కలూ బావలూ లేరని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? గ్రౌండులో ఉన్నంతసేపూ నేను సార్‌ని."

"సార్ అనే కదా అంటున్నాను! పన్నెండేళ్ళుగా అదే అంటున్నాను. మీ పెళ్ళి ఫొటోలో చూడండి, అందరూ నవ్వుతుంటే నేనొక్కణ్ణే అటెన్షన్‌లో నిలబడ్డాను."

"సరే. నా మాట విను. బోర్డువాళ్ళకి కావాల్సింది ఒక్క పేరు. ప్రెసిడెంటుగారు నా మొహం మీదే చెప్పాడు. పేరు ఇస్తే జట్టు ఉంటుంది, వచ్చే ఏడాది క్వాలిఫయింగ్‌కి పంపుతారు. ఇవ్వకపోతే జట్టు రద్దు. రద్దంటే తెలుసా? నాలుగేళ్ళు ఈ దేశానికి ఫుట్‌బాల్ టీమే లేదు."

"తెలుసు."

"తెలీదు. వరండాలో చూశావా? ఇరవై రెండు మంది. లాకర్లు ఖాళీ చెయ్యమంటారా, ఉంచమంటారా అని పొద్దున్నుంచి నా ప్రాణం తోడేస్తున్నారు. ఏం చెప్పను వాళ్ళకి?"

"చూశాను సార్. నేను వస్తుంటే అందరూ వంగి బూట్ల లేసులు కట్టుకోవడం మొదలెట్టారు. తలెత్తితే నాతో మాట్లాడాల్సొస్తుందని. గోల్ ముందు నాకు అడ్డుగా ఆడే స్టాపర్ కాళ్ళకైతే చెప్పులున్నాయి. వాడూ వంగాడు."

"వాడి బాధ వాడిది. వాడి మీద చెప్పావు కదా నువ్వు."

"వాడే అరిచాడని అనలేదు. ఎవరో అరిచారు అన్నాను. పక్కన వాడున్నాడు కాబట్టి వాడేమో అన్నాను."

"వాడు అరవలేదు. టీవీలో వందసార్లు వేశారు. ముందు నుంచి, వెనక నుంచి, పైనుంచి. స్టాపర్ నోరు మూసుకునే ఉంది. ఎవరి నోరూ కదల్లేదు. అయినా నీకు వినిపించింది."

"వినిపించింది."

"ఏమని?"

"మీకు తెలుసు కదా."

"నీ నోటితో చెప్పు. గుమాస్తా ముందు కూడా ఇలాగే నసుగుతావా?"

"'వదిలెయ్' అని. స్పష్టంగా. ఇదిగో, ఇది చూడండి."

"ఏంటిది?"

"చెవి డాక్టర్ రిపోర్టు. నిన్న వెళ్ళొచ్చాను. గదిలో కూర్చోబెట్టి, చెవులకి ఏవో తగిలించి, గంటసేపు కుయ్ కుయ్ మనిపించాడు. రెండు చెవులూ బ్రహ్మాండంగా ఉన్నాయట. 'బాబూ, మీకు దోమ ఎగిరినా వినిపిస్తుంది' అన్నాడు. చెవుడని రాస్తాడేమోనని ఎంత ఆశపడ్డానో! చెవుడైతే బతికిపోయేవాణ్ణి కదా సార్."

"ఈ కాగితం ఎవరికీ చూపించకు. నవ్విపోతారు."

"మీరు నమ్మితే చాలు. లోకం నవ్వితే నవ్వనీ. నాకు వినిపించిందని మీరు నమ్ముతున్నారా?"

"నేను నమ్మితే ఏంటి, నమ్మకపోతే ఏంటి?"

"నమ్ముతున్నారా లేదా?"

"టైము చూడు. ఇరవై నిమిషాలే ఉంది."

"సార్, నన్ను ఎవరు తయారు చేశారు?"

"మళ్ళీ మొదలెట్టకు."

"మీరే కదా. మూడే మూడు మాటలు. పట్టు, గుద్దు, వదిలెయ్. నన్ను గోల్లో నిలబెట్టి, వీళ్ళందరి చేతా భోజనం కంచాలు వాయించమనేవారు. ఆ మోతలో ఎక్కడో నిలబడి మెల్లగా ఒక మాట అనేవారు. పట్టు అంటే పట్టాలి. గుద్దు అంటే గుద్దాలి. 'ఆలోచించకు, విను' అనేవారు. ఆలోచించిన రోజున భోజనం కంచం నా నెత్తి మీదే వాయించారు, గుర్తుందా?"

"గుర్తుంది."

"మ్యాచ్‌లో మాత్రం మీరు నోరు విప్పరు. ఆ మాటలు స్టాపర్ చెప్పాలి. పేపర్లవాళ్ళు మిమ్మల్ని మూగ కోచ్ అని రాశారు కూడా. అందుకే స్టాపర్ అనుకున్నాను. కానీ నాలుగు రోజులుగా పడుకుంటే అదే ఆలోచన. స్టాపర్ అరిస్తే ఎప్పుడూ ఒక క్షణం ఆలోచించేవాణ్ణి. వీడి మాట నమ్మొచ్చా అని. ఆ రోజు ఆలోచించలేదు. నా కంటే ముందు నా కాళ్ళు ఆగిపోయాయి."

"అలసిపోయి ఉంటావు. ఎనభై తొమ్మిదో నిమిషం."

"అలసట కాదు. డ్రా అయినా చాలు మనకి. జనమంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు, చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. బంతి ఎంత నెమ్మదిగా వచ్చిందనుకున్నారు? చంటిపిల్లాడు తన్నినట్టు వచ్చింది. పడుకుంటే చేతికి అందేది. పడుకోబోయాను. వదిలెయ్ అని వినపడింది. బయటికి పోతోంది కాబోలు, ముట్టుకుంటే కార్నర్ అవుతుంది కాబోలు అనుకున్నాను. లేదు, ఏమీ అనుకోలేదు. అవన్నీ తర్వాత అనుకున్నాను. అప్పుడు ఆగిపోయానంతే. అది వెళ్ళి పోస్టుకి లోపలివైపు తగిలి..."

"అసలు అది గోలే కాదు! ఆఫ్‌సైడు! బారెడు ఆఫ్‌సైడు! ఆ లైన్స్‌మన్ జెండా పట్టుకుని బొమ్మలా నిలబడ్డాడు, వాడి పక్కనే నిలబడి చూశాను నేను!"

"పక్కనే?"

"అంటే, బెంచీ దగ్గర్నుంచి."

"బెంచీ ఎక్కడ, ఆ లైన్స్‌మన్ ఎక్కడ సార్? వాడు మన కార్నర్ జెండా దగ్గర ఉన్నాడు."

"కనిపిస్తుందిరా. కోచ్ కళ్ళు. ఇక ఆ గోల్ సంగతి వదిలెయ్. అయిపోయింది. సంతకం పెట్టు."

"పెడితే?"

"పెడితే జట్టు బతుకుతుంది. నువ్వొక్కడివి లేకపోయినా మిగతావాళ్ళు ఉంటారు. కొన్నాళ్ళు పోయాక జనం మర్చిపోతారు. నేను ప్రెసిడెంటుగారి కాళ్ళావేళ్ళా పడి కుర్రాళ్ళకి నేర్పే పనేదైనా..."

"ఏమని నేర్పను? 'పిల్లలూ, వదిలేసినవాడొచ్చాడు చూడండి' అంటారు. నాకు ముప్పై ఒకటి సార్. కీపర్‌కి ఇది ఆడే వయసు. ఆ మూడు కర్రల మధ్య నిలబడటం తప్ప నాకింకేం రాదు. కనీసం సైకిలు తొక్కడం కూడా రాదు, కాళ్ళకి దెబ్బ తగుల్తుందని మీరు నేర్చుకోనివ్వలేదు!"

"నాకేమైనా సంతోషంగా ఉందా? ఆ? నాలుగు రోజులైంది కన్ను మూతపడి. సొంత బావమరిది పేరు రాస్తున్నానని నాకు మాత్రం..."

"బాబూ, లోపలికి రావచ్చా?"

"ఇప్పుడు కాదు సూది మామా."

"ఒక్క నిమిషం. మీ కోటు ఇచ్చి పోతాను. చంక దగ్గర పిగిలిపోయింది కదా, కుట్టేశాను. జెర్సీ నంబర్లు కుట్టే దారం, ఇక ఏనుగు లాగినా పిగలదు."

"అక్కడ పెట్టి వెళ్ళు."

"ఆ రోజు నేను అంత గట్టిగా లాగకుండా ఉండాల్సింది బాబూ. ఏం చెయ్యను, మీరు అలా జెండా వాడి మీదికి ఉరుకుతుంటే కొట్టేస్తారేమోనని గుండె ఆగిపోయింది. ఈ వయసులో మీ వెనకాల అంత దూరం పరుగెత్తానంటే నాకే..."

"చెప్పాను కదా, పెట్టి వెళ్ళు!"

"వెళ్తున్నా, వెళ్తున్నా. కీపర్ బాబూ, ఏంటా మొహం, పీక్కుపోయింది? తిన్నావా? నీ ఒకటో నంబరు ఉతికి మడతపెట్టాను. ఎవరికివ్వాలో ఎవరూ చెప్పట్లేదు. నా దగ్గరే ఉంచాను."

"ఉంచు మామా."

"తలుపు వేసి వెళ్ళు."

"వేస్తున్నాను బాబూ."

"సార్."

"ఏంటి?"

"కోటు ఎప్పుడు పిగిలింది?"

"ఏదో గొడవలో. ముసలాడికి ప్రతిదీ పెద్ద కథే."

"గోల్ అయ్యాకా, ముందా?"

"ఎవడికి గుర్తుంటుందిరా?"

"మీకు గుర్తుంటుంది. ఎనిమిదేళ్ళ కిందటి మ్యాచ్‌లో నేను ఏ కాలు ముందు వేశానో చెప్తారు మీరు."

"ఇంక చాలు. పదిహేను నిమిషాలు. నువ్వు సంతకం పెట్టినా, పెట్టకపోయినా నా సంతకంతో ఇది వెళ్ళిపోతుంది. పెడితే కాస్త మర్యాదగా ఉంటుందని పిలిచాను. పెన్ను ఎక్కడ పెట్టాను?"

"ఆగండి సార్."

"ఇదిగో, దొరికింది."

"సార్, ఆగండి. ఒక్క నిమిషం. 'జారవిడిచాడు' అని మార్చండి, మీకు పుణ్యం ఉంటుంది. అమ్మ ఒక్కసారి వీధిలోకి వెళ్ళి రాగలిగితే చాలు."

"ప్రెసిడెంటుగారు చెప్పిన మాట అది. నేను మార్చలేను. చెయ్యి తియ్."

"తియ్యను."

"చొక్కా లాగకు."

"బావా, మీ కాళ్ళు పట్టుకుంటాను. బావా!"

"గ్రౌండులో బావా గీవా లేదని చెప్పానా? వదులు. చిరుగుతుందిరా. వదులు. చెప్తోంది నీక్కాదూ? వదిలెయ్!"

"వదిలేశాను."

"పక్కకి జరుగు."

"బావా. వదిలేశాను."

"చూశానులే. జరుగు, సంతకం పెట్టనీ."

"చూడండి, నా వేళ్ళు చూడండి. తెంపేసినా వదలకూడదనుకుని పట్టుకున్నాను. ఆలోచించనే లేదు. వాటంతటవే విడిపోయాయి."

"ఏం మాట్లాడుతున్నావు?"

"మళ్ళీ అనండి."

"ఏంటి అనేది?"

"ఆ మాట. ఇప్పుడన్నట్టే అనండి. అంత కోపంగా."

"నీకు మతి పోయింది. పో, మొహం కడుక్కో. మెట్ల మీద చప్పుడవుతోంది, గుమాస్తా వస్తున్నట్టున్నాడు."

"రానివ్వండి. సూది మామ కోటు పట్టుకుని వెనక్కి లాగుతుంటే మీరు మామతో ఏమన్నారు?"

"ఏమీ అనలేదు."

"లైన్స్‌మన్ పక్కన నిలబడి. మన కార్నర్ జెండా దగ్గర. నాకు ముప్పై గజాల్లో. ఏమన్నారు బావా?"

"అరవకు. బయట అందరూ ఉన్నారు."

"ఏమన్నారు?"

"తెలిసి అనలేదురా. నీతో అనలేదు. నువ్వున్నావనే గుర్తు లేదు. పన్నెండేళ్ళు నోరు మూసుకుని కూర్చున్నాను, ఆ ఒక్క క్షణం..."

"నాలుగు రోజులుగా మీకు తెలుసు."

"బంతి నెట్‌కి తగలకముందే తెలుసు."

"మరి నా పేరు ఎందుకు రాశారు బావా? చెప్పింది చెప్పినట్టు విన్నాను కదా!"

"అదేరా! పన్నెండేళ్ళు విన్నావు, ఆ ఒక్కసారి నా మాట వినకపోతే ఏం పోయేదిరా!"