నిలబెట్టిన పీట

శనివారం రాజధాని అక్రాలోని డిజైన్ మ్యూజియానికి వెళ్దామని కుమాసీలో అక్కా తమ్ముళ్లు గుమ్మంలో కూర్చుని అనుకుంటున్నారు. అక్కడ పెట్టిన అమ్మ పీట ఫొటోని తమ్ముడు ఫోనులో చూపించేసరికి అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇదేంట్రా, అమ్మ పీటని ఎవరో కూర్చోబోతున్నట్టు నిలబెట్టారు?"

"దిమ్మ మీద ఎంత బావుందో చూడక్కా. కింద అమ్మ పేరు కూడా రాశారు."

"పేరు రాస్తే సరిపోయిందా? మనిషి లేవగానే పీటని పక్కకి వాల్చాలని మనింట్లో నాలుగేళ్ల పిల్లకి కూడా తెలుసు. అమ్మ పోయి రెండేళ్లయింది. దారిన పోయే ప్రతి ఆత్మా వచ్చి అమ్మ చోట్లో కూర్చోదూ?"

"పట్నంలో అవన్నీ ఎవరు పట్టించుకుంటారక్కా?"

"పట్నంలో ఉన్నది మనవాళ్లు కారా? పీట అప్పజెప్పింది నువ్వేగా. ఎలా పెట్టాలో నిన్నడగలేదూ?"

తమ్ముడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"శనివారం వద్దులే. బస్సుల్లో జనం ఎక్కువ. వచ్చే నెల వెళ్దాం."

"మాట మార్చకు. అడిగారా, లేదా?"

"అడిగారు. వాలిస్తే దాని మీది చెక్కడం కనబడదని... నేనే నిలబెట్టమన్నాను."

"సిగ్గులేదట్రా! అమ్మ దంచి పెట్టిన ఫుఫూ తిని పెరిగి, అమ్మ చోటుని ఊరందరికీ వదిలేసి వచ్చావా? శనివారం మొదటి బస్సుకే వెళ్తున్నాం. దాన్ని నీ చేత్తోనే వాలుస్తావు."

"ముట్టుకోనివ్వరక్కా. కాపలావాళ్లుంటారు."

"వాల్చనివ్వకపోతే నేనెక్కి కూర్చుంటాను. పీట నిలబడి ఉండాలంటే దాని మీద మనిషుండాలి కదా!"