ఉద్దానమంటే తోట

“పలాస అని ఊరుకుంటే నీ సొమ్మేటి పోయిందే?”

పెళ్లిచూపులవాళ్ల జీపు వీధి మలుపు తిరిగిందో లేదో, మేనమామ జోగారావు సత్యవేణిని పెరట్లోకి పిలిచి తగులుకున్నాడు. చూపులు పలాసలో తన ఇంట్లో పెట్టించింది ఆయనే.

“మనది పలాస కాదు కదా మావా.”

“నాదయితే పలాసే కదేటి. పిల్ల ఇక్కడిదేనని సెప్పి తీసుకొచ్చినాను ఆలని. ఉద్దానం మాటెత్తొద్దన్నానా, లేదా?”

“అన్నావు.”

“మరెందుకెత్తినావు?”

“పెళ్లికొడుకు తల్లి అడిగింది, పుట్టిందెక్కడమ్మా అని. ఉద్దానంలో అన్నాను.”

“అయిపోయింది. ఇంకేటుంది. పేపర్లో యేసినకాణ్ణించీ ఆ పేరు ఇంటే కిడ్నీలు పోయే ఊళ్లంటన్నారు. మీ అక్క కమలకి కుదిరిన సంబంధం ఎందుకు తప్పిందో తెల్దా నీకు?”

“తెలుసు. అక్క నోరిప్పలేదు, అయినా తప్పింది. ఉద్యానం అన్న మాటే మన నోళ్లలో నలిగి ఉద్దానం అయింది మావా. తోటని అర్థం. అది మనం సెప్పకపోతే ఇంకెవులు సెప్తారు?”

“తోటంట. మీ నాన్న పోయింది ఏ రోగంతోనే?”

“ఆ రోగంతోనే. ఆసుపత్రి నించి వచ్చి, కూకోలేక కూకోలేక కొబ్బరి మొక్కలు పాతేడు. ఉద్దానం పేరు దాసితే నాన్నని దాసినట్టే. నాను దాయను.”

“ఉండుండు. మీ నాన్న సంగతి కూడా... సెప్పీసినావా ఆవిడకి?”

“అడిగింది. సెప్పినాను.”

“ఓలమ్మా.”

“సంబంధం పోతే పోనీ మావా.”

“పోనీ అంటాది. ఇశాపట్నంలో ఉజ్జోగం, మంచి పిల్లడు. తిరిగి తిరిగి నా కాళ్లరిగిపోనాయి. సరే, ఆవిడేటంది?”

“గది తలుపు దగ్గరగా ఏసింది. నా సెయ్యి పట్టుకుంది.”

“జాలిపడుంటాది. జాలిపడినోలు పిల్లని సేసుకోరు.”

“జాలి కాదు. జీడిపూత వాసన ఇప్పుడూ అలాగే వత్తాదా అనడిగింది. వత్తాదన్నాను. ఏడిసింది.”

“ఆవిడెందుకేడుత్తాది? జీడిపూతతో ఆవిడకేటి పని? టెక్కలి మనిసి.”

“టెక్కలని నీకు సెప్పింది ఆవిడే కదా మావా. నిజం సెప్తే కొడుక్కి సంబంధాలు తప్పిపోతన్నాయని, అలగ సెప్పుకుంటందంట. ‘మాదీ ఉద్దానమే తల్లీ’ అంది.”