వెనక సీటు మీద ఇసుక

మైపాడు బీచ్‌లో పొద్దున్నే, కాళ్ళకు పారాణి ఇంకా పోని కొత్త పెళ్ళికూతురు ఒక పెద్దాయన మూడు చక్రాల మోటార్‌సైకిల్ చూసి ఆగిపోయింది. ఆమె భర్త టీ తేవడానికి వెళ్ళాడు.

"తాతా, ఈ బండి మీదేనా? భలే ఉండాదే!"

"నాదేనమ్మా. అరవై నాలుగేళ్ళకి తోలడం నేర్చుకున్నా. నిన్న వాకాడు చూసినా, ఇంక కావలి దాకా పోవాల."

"వెనక సీటుకి ఆ గోతం ఎందుకు కట్టినారు?"

"ఇసుకమ్మా. వెనక బరువు లేకపోతే గుంతల్లో ఎగురుతాదని మెకానిక్ చెప్పినాడు."

"ఇసుకెందుకు, అవ్వని కూర్చోబెట్టుకోవచ్చు గదా!"

"ఆమె కోసమే మూడు చక్రాలు. రెండు చక్రాలైతే పడిపోతామని ఆమెకి భయం. బండి తయారయ్యేసరికి ఆమె లేదు."

"అయ్యో... తెలీక అన్నా తాతా."

"తెలిసి ఎవరంటారులే."

"ఆ గోతం దించండి. ఒక రౌండు నేనెక్కుతా."

"మీ ఆయన ఏమన్నా అంటాడేమో?"

"ఆయన టీ ఇంకా కాగలేదు, పదండి!"

ఊరి మొదలు దాకా పోయి తిరిగొచ్చారు.

"ఒక్క గుంతలో కూడా ఎగరలేదు తాతా!"

"నువ్వు మాట్లాడతానే ఉంటివి, నాకు గుంతలే కనపడలా."

"ఇంకో రౌండు పోదామా?"

"వద్దు తల్లీ. ఆ గోతం ఒక చెయ్యి పట్టు. ఇంకో రౌండు తిరిగితే, కావలి దాకా ఈ ఇసుకతో పోబుద్ధి కాదు."