సన్యాసిరావు విప్పిన వీడియోగేమ్

సన్యాసిరావు నోరు తెరిస్తే ఇనపరాయి తవ్వే కిరండూల్ కొండ అరంగుళం పెరుగుతుందని తాతమ్మ టీకొట్టు దగ్గర ఒక మాట ఉంది. ఆ సాయంత్రం ఆయనకు ఎదురుగా బల్ల మీద కూర్చున్న రామతులసికి మాత్రం నవ్వు రావడం లేదు. ఆయన చేతిలో ఉన్నది ఆమె వీడియోగేమ్.

రెండరచేతుల్లో పట్టుకుని ఆడుకునే పాత జపాన్ గేమ్ అది. తమ ఆటల బిళ్లలు, అంటే కార్ట్రిడ్జ్‌లు, తప్ప వేరేవి దోపినా ఆడకుండా కంపెనీవాళ్లు లోపల తాళం లాంటిది పెట్టి అమ్ముతారు. ఆ తాళాన్ని ఏమార్చే దొంగ కార్ట్రిడ్జ్ ఒకటి విశాఖలో కొనుక్కొచ్చి, దాంట్లో తను సొంతంగా రాసిన ఆట ఎక్కించింది రామతులసి. నెత్తిన బుట్టతో ఒక ఆడమనిషి వాగులూ రాళ్లూ దాటి వారపు సంతకు చేరాలి. తెర మీద అక్షరాలన్నీ తెలుగే. రెండేళ్ల కష్టం. మొన్న పిడుగు పడి ఇంట్లో కంప్యూటర్ కాలిపోయాక, ఆ కార్ట్రిడ్జ్‌లో తప్ప ఆ ఆట ఇంకెక్కడా లేదు. ఆట చూపిస్తే ఉద్యోగంలోకి తీసుకుంటామని విశాఖలో ఒకచోట అన్నారు. రేపు పొద్దున్న పాసింజర్ రైలుకి ప్రయాణం. అలాంటిది, పోయిన వారం గేమ్ కార్ట్రిడ్జ్‌ను గుర్తుపట్టడం మానేసింది. ఆమె ఇంట్లో లేని వేళ తండ్రి భూషణం, మంచి చేద్దామనే, దాన్ని పట్టుకెళ్లి పాత స్నేహితుడు సన్యాసిరావు చేతిలో పెట్టాడు.

"ఇచ్చెయ్యి బాబాయ్. బట్టలు సర్దుకోవాలి."

"ఇస్తానే తల్లీ. ఏటి సేసేనో ఇనకుండా ఒట్టుకుపోతావేటి?" అన్నాడు సన్యాసిరావు, టీ గ్లాసు పక్కన పెట్టి. "ముందు పైపైన తుడిసేను. పలకలేదు. సరే అని మరలు విప్పేను. ఆవగింజలంతేసి మరలు! మా ఆవిడ సూది అరగదీసి స్క్రూడ్రైవర్ సేసేను. ఆ తరవాత ఏటైందో తెలుసా?"

"సూది పాడుసేసినందుకు మీ ఆవిడ నిన్ను అరగదీసింది," అంది తాతమ్మ, పాలు కలుపుతూ.

"లోపల తాళం ఉందొదినా! వేరేవోళ్ల కార్ట్రిడ్జ్ ఎడితే 'నువ్వెవడు?' అని అడుగుద్ది. 'సన్యాసిరావుని, లోడింగ్ ప్లాంటు, ఎలక్ట్రికల్ సెక్షను' అన్నాను. నోరు మూసుకుని తెరుసుకుంది."

జీపు తోలే హిడ్మా పక్కబల్ల మీంచి ముందుకు వంగాడు. "ఏ భాషలో అడిగింది దాదా? హిందీయా, గోండీయా?"

"జపాన్ భాష! ఇన్నేళ్లు మన ఇనపరాయి ఆళ్ల ఓడలెక్కింది, నాకా మాత్రం రాదేటి? సరే, తాళం తీసి సూద్దును కదా, కార్ట్రిడ్జ్ నిండా ఏవో రాతలు. అంతా తుడిసి సుబ్బరం సేసేను."

రామతులసి బల్ల మీంచి లేచింది. "తుడిచేశావా? బాబాయ్, నిజంగా తుడిచేశావా?"

"నడిమిన మాటాడితే కత దారి తప్పుద్దమ్మా! ఇంతకీ బాటరీ సాల్లేదు. ఏటి సెయ్యాలి? డాబా ఎక్కి, ఓ తీగ ఇసిరి, రైలు లైను మీది కరెంటుకి తగిలించేను."

"ఇరవై ఐదు వేల వోల్టులు దాదా!"

"కాస్త గిలిగింత ఎట్టింది. ఆ తరవాత ఏటైందో తెలుసా? బొత్తం నొక్కితే తెర మీద బొమ్మ కదల్లేదురా, స్టేషన్లో రాయి నింపుకున్న గూడ్సు కదిలింది! డ్రైవరు సేతులెత్తి దణ్ణమెట్టి కూకున్నాడు. దంతేవాడ దగ్గర పట్టాల మీద గేదె. ఎగిరే బొత్తం నొక్కేను. వేగన్లన్నీ వరసన గేదె మీంచి ఎగిరి అవతల దిగినాయి. ఒక్క రాయి కింద పడితే ఒట్టు! అరకు సొరంగాలు దాటింది, విశాఖ హార్బరు వొచ్చింది, ఆపే బొత్తమేదో నాకు తెలీదు..."

రామతులసికి గూడ్సు సంగతి చెవికెక్కడం లేదు. తుడిచేశాడా, లేదా? ఆ ఒక్క మాట చాలు. కానీ ఆయన ఒళ్లో ఉన్నదాన్ని లాక్కుందామంటే తండ్రి వయసువాడు.

"...సముద్రంలో దిగింది! నేను వొదుల్తానా? అల మీంచి అల మీదికి ఎగిరిస్తానే ఉన్నాను. జపాన్ రేవులో ఆగింది. ఈ గేమ్ కట్టినోడు పరిగెత్తుకొచ్చి, 'సన్యాసిరావు గారూ, ఇంక తాళాలెయ్యం' అని నా కాళ్లట్టుకున్నాడు. ఇదిగో, అదే గేమ్, సూడండి!"

"ఇటియ్యి," అంది తాతమ్మ.

కొంగుతో చెయ్యి తుడుచుకుని గేమ్ అందుకుని, వెనక్కి తిప్పి బల్బు కిందికి ఎత్తింది. కార్ట్రిడ్జ్ లాగి దాన్నీ చూసింది. కొండ మీంచి వచ్చే ఎర్రదుమ్ము కిరండూల్‌లో దూరని సందు లేదు. అందుకే ఫ్యానైనా మిక్సీ అయినా బాగు చేశానంటే, ఇక్కడి ఆడవాళ్లు మిస్త్రీని గడప దాటనిచ్చే ముందు మరల తలలు చూస్తారు. విప్పినవైతే మెరుస్తాయి.

"సన్యాసిరావూ, గాడుల్లో దుమ్ము గట్టిపడి మట్టిగోడలాగుంది. ఇది గీకకుండా సూది ఎలా దింపేవు? జపాన్ దాకా ఎల్లొచ్చింది గానీ ఈ మరలో కిరండూల్ దుమ్ము కదల్లేదేటి?"

హిడ్మా తొడ మీద చరుచుకుని నవ్వాడు. సన్యాసిరావు గ్లాసులోకి చూస్తూ గొణిగాడు: "ఆ మరలు కళ్లకి ఆనితే గదా, ఇప్పడానికి."

"అంటే విప్పలేదా బాబాయ్? తుడవనూ లేదా?"

"బీరువా మీద ఎట్టేను. అంతే."

ఒక మనిషి చెప్పిందంతా అబద్ధమని తేలితే ఇంత ఊపిరి ఆడుతుందని రామతులసికి ఆనాడే తెలిసింది. చున్నీ కొసతో కార్ట్రిడ్జ్ అంచునున్న రాగి పళ్లు తుడిచింది. చున్నీకి ఎర్రగా చార పడింది. గేమ్‌లో దోపి, బొత్తం నొక్కింది. తెర తెల్లగానే ఉంది. తీసి, మళ్లీ తుడిచి, ఈసారి మెల్లగా దోపింది. చిటికెనవేలంత మనిషి నెత్తిన బుట్టతో నడిచి వచ్చి, రాయి దగ్గర ఆగి నిలబడింది. రామతులసికి కళ్లలో నీళ్లూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

సన్యాసిరావు తలెత్తాడు. "సూసేవా? ఇంకో మిస్త్రీ అయితే విప్పి, కాల్చి, తుడిసి పారేసేవోడు. సేతిలో ఉన్నదాన్ని వారం రోజులు ముట్టుకోకుండా ఉండడం అందరి వల్లా అవుద్దేటి? నీ ఆటని కాపాడింది నేనే!"

తాతమ్మా హిడ్మా రామతులసి వైపు చూశారు, ఇప్పుడు ఆమె ఏం చురక అంటిస్తుందోనని.

"నిజమే బాబాయ్," అంది రామతులసి. "నువ్వే కాపాడావు."

సన్యాసిరావు నోరు తెరిచాడు. ఆ కొట్టు దగ్గర ఆయన మాటకు ఒకరు అవునని అనడం అదే మొదలు. ఆ తరవాత ఏమైందని చెప్పాలో ఆయనకు తోచలేదు.